మన లోయలకు దారి చూపేదెవరు?

అరకు లోయలో ఒక రోజు సైకిల్ యాత్ర అని ఇప్పుడు కొత్త వ్యాపారం నడుస్తోంది. విశాఖపట్నం నుంచి, హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి పదిమందో పదిహేనుమందో వస్తారు. తెల్లవారగానే అరకులో సైకిలెక్కుతారు. ముందు ఒక గైడు, వెనక ఒక జీపు. జీపులో మంచినీళ్ళ సీసాలు, అరటిపళ్ళు, పంక్చరైతే మార్చుకోడానికి ఇంకో సైకిలు. డుంబ్రిగుడ వైపు సాగి, చాపరాయి గెడ్డలో కాళ్ళు తడుపుకుని, దారిలో రెండు మూడు పల్లెలు చూసి, ఎవరో ఒకరి ఇంటి ముందు అడ్డాకులో భోజనం చేసి, సంత ఉంటే సంతలో ఫోటోలు తీసుకుని, చీకటి పడేలోగా వెనక్కి పోతారు. లంబసింగి దగ్గర, పాడేరు దగ్గర, అనంతగిరి కొండల్లో కూడా ఇదే తరహా.

ఈ యాత్రల ప్రకటనల్లో దాదాపు ఒకే రకం మాటలుంటాయి. ఎవరూ తొక్కని దారులు, చెక్కుచెదరని ప్రకృతి, అమాయక గిరిజనం, కాలం ఆగిపోయిన పల్లెలు. ఎవరూ తొక్కని దారి అంటే ఏమిటి? ఆ దారిన మన ఆడవాళ్ళు రోజూ నీళ్ళ బిందెలతో నడుస్తారు. పసుపు, పిప్పళ్ళు, రాజ్‌మా కావిళ్ళలో వేసుకుని సంతకు నడుస్తారు. పిల్లలు బడికి నడుస్తారు. ఇంతమంది తొక్కిన దారి ఎవరూ తొక్కని దారి కావాలంటే మనల్ని మనుషుల లెక్కలోంచి తీసెయ్యాలి. కాలం ఆగిపోయిందట. మన పల్లెల్లో కాలం ఆగలేదు. కాఫీ వచ్చింది, సిల్వర్ ఓక్ వచ్చింది, సెల్‌ఫోన్ వచ్చింది. చాలా ఊళ్ళకు రావలసిన రోడ్డు ఒక్కటే ఆగింది.

సైకిలు మీద మాకు కోపం లేదు, ముందే చెబుతున్నాం. సైకిలు పొగ వదలదు, హారన్ కొట్టదు, కారులాగా కోళ్ళను తొక్కెయ్యదు. చూడడానికి వచ్చినవాళ్ళలో మంచివాళ్ళూ ఉంటారు. మన మాట వినాలనే కోరికతో వచ్చినవాళ్ళూ ఉంటారు. మా పేచీ ఆ యాత్రకు ముందు తగిలించిన ‘గైడెడ్’ అనే మాటతో. దారి చూపేవాడు ఎవడు? ఎవరిని అడిగి చూపిస్తున్నాడు? ఏం చెప్పి చూపిస్తున్నాడు? చూపించినందుకు వచ్చిన డబ్బు ఎక్కడికి పోతోంది? ఆదివాసీ యువకులు, ఉపాధ్యాయులు ఈ నాలుగు ప్రశ్నలూ ఇప్పుడే అడగాలి. పదేళ్ళ తర్వాత అడిగితే జవాబు చెప్పడానికి ఎదుట రిసార్టు గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. ఆ వాచ్‌మన్ కూడా మనవాడే అయ్యుంటాడు.

మొదట దారి సంగతి. మట్టిదారి, రాళ్ళ ఎత్తు, గెడ్డ దాటడం ఇవన్నీ సైకిల్ యాత్రలో సరదా. గేర్లున్న సైకిలు, తలకు హెల్మెట్, వెనక జీపు ఉన్నవాడికి అది సాహసమే. వర్షాకాలంలో అదే దారిన నెలలు నిండిన తల్లిని డోలీలో పడుకోబెట్టి నలుగురు మగవాళ్ళు భుజం మార్చుకుంటూ అంబులెన్సు ఆగిన చోటి దాకా మోస్తారు. గెడ్డ పొంగితే నడుము లోతు నీళ్ళలో డోలీని తల మీదికి ఎత్తుతారు. ముంచింగిపుట్టు, పెదబయలు వైపు మత్స్యగెడ్డ మీద ఈనాటికీ నాటుపడవే దిక్కైన ఊళ్ళున్నాయి. ఆ దారిని అందమైన దారిగా చూపించేవాడు ఆ దారి ఎందుకు అలాగే ఉందో చెప్పడు. రోడ్డు పడితే సాహసం పోతుంది, సాహసం పోతే ప్యాకేజీ పోతుంది. మన లేమి ఎవరికో సరుకైన చోట ఆ లేమి తీరాలని కోరుకునేవాళ్ళు తగ్గిపోతారు. ఇందులో మాకు కనిపించే పెద్ద ప్రమాదం ఇదే.

మన్యంలో రోడ్డుకు ఒక చరిత్ర ఉంది. గైడు అది కూడా చెప్పడు. చలికాలం మంచు చూడ్డానికి వచ్చేవాళ్ళు ఎక్కే దారి నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి పోయే దారి. బ్రిటిష్ వాళ్ళ కాలంలో గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ ఆ దారి పనులకు మన పెద్దల్ని బలవంతంగా తోలాడు. సరైన కూలి ఇవ్వలేదు. ఎదురు తిరిగినవాళ్ళను హింసించాడు. గాం గంటందొర, గాం మల్లుదొర, ఇంకా ఎందరో అల్లూరి సీతారామరాజు వెంట నిలబడడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఆ రోడ్డు పని ఒకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి జరిగింది. ఆ మలుపుల్లో సైకిలు ఆపి మంచుతో సెల్ఫీ తీసుకునేవాళ్ళకు ఆ రాళ్ళు పేర్చిన చేతుల సంగతి ఎవరు చెప్పాలి? లంబసింగికి కొర్రబయలు అనే పేరు కూడా ఉందని ఎవరు చెప్పాలి? ఆంధ్రా కాశ్మీర్ అనే పేరు బోర్డు మీదికి ఎక్కింది, కొర్రబయలు మన ముసలివాళ్ళ నోట్లోనే మిగిలింది.

ఇక చెప్పే మాటల సంగతి. దీపావళి దాటాక పొలాలన్నీ పసుపు పచ్చగా పూస్తాయి. ఒకడు వాటిని ఆవాలంటాడు, ఇంకొకడు పొద్దుతిరుగుడంటాడు. అవి వలిసెలు. వాటితో నూనె ఆడిస్తాం. ఆ పువ్వు మీద తేనెటీగ బతుకుతుంది. చేను మధ్యలోకి దిగి ఫోటో దిగేవాళ్ళ కాళ్ళ కింద పంట నలుగుతుంటే రైతు కర్ర అడ్డం పెట్టి పదో ఇరవయ్యో అడుగుతున్నాడు. వాళ్ళు దాన్ని అడుక్కోవడం అంటారు. నలిగిన పంటకు అది నష్టపరిహారం, అదీ చాలని పరిహారం.

ఇటుకల పండుగ సంగతీ అంతే. చైత్రంలో మగవాళ్ళు వేటకు పోతే ఆడవాళ్ళు దారికి అడ్డంగా కర్ర కట్టి, పాడుతూ, వచ్చేపోయేవాళ్ళను ఆపి డబ్బులడుగుతారు. తెలియనివాడికి అది దారికాచి వసూలు చేయడం లాగా కనిపిస్తుంది. ఈ దారి ఈ ఊరిది, పండుగనాడు ఈ దారిన పోయేవాడు ఊరి సంతోషంలో తన పాలు ఇచ్చి పోవాలి అని చెప్పే ఆచారం అది. సైకిల్ యాత్రల గురించి మేము ఈ వ్యాసంలో చెప్పదలచినదంతా మన అమ్మలు ఆ ఒక్క కర్రతో ఎప్పుడో చెప్పేశారు.

థింసాను అతిథులకు స్వాగత నృత్యం అని చెబుతున్నారు. చెయ్యి చెయ్యి నడుముకు చుట్టి ఆడే ఆ ఆటలో పొతర్ తోల ఉంది, అందులో ఆకులు ఏరే కదలిక ఉంది. భాగ్ థింసా ఉంది, అందులో పులి నుంచి తప్పించుకునే ఊరు ఉంది. బోడ థింసా ఊరి దేవత కోసం ఆడేది. పండుగకు, పెళ్ళికి, పంటకు ఆడే ఆటను మధ్యాహ్నం భోజనం తర్వాత పావుగంట ఆడమంటే అది థింసా కాదు, కసరత్తు. ఊరి చివర చెట్ల కింద ఉన్న రాళ్ళు కూర్చోవడానికి వేసినవి కావు. ఒకచోట జాకరమ్మ ఉంటుంది, ఒకచోట శంకుదేవుడు ఉంటాడు. చెప్పులతో వాటి మీద కూర్చుని అరటిపండు తినేవాడి తప్పు సగమే. అక్కడ కూర్చోకూడదని చెప్పనివాడిది మిగతా సగం. చెప్పడానికి వాడికి తెలియదు, ఎందుకంటే వాడు ఈ ఊరివాడు కాదు.

నీళ్ళ సంగతి కూడా వినండి. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయం నింపి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖ నగరం తాగే నీళ్ళలో తాటిపూడి నీళ్ళున్నాయి. అంటే విశాఖ నుంచి సైకిలు తొక్కడానికి వచ్చిన మనిషి ఇక్కడికి రాకముందు నుంచే మన గెడ్డ నీళ్ళు తాగుతున్నాడు. మత్స్యగెడ్డ దిగువకు పోయి మాచ్‌ఖండ్ అవుతుంది. 1955 నుంచి అక్కడ కరెంటు తీస్తున్నారు. జోలాపుట్టు జలాశయం కింద మునిగిన పొలాలు మనవి, వెలిగిన దీపాలు మైదానానివి. ఇప్పుడు పెదకోట, ఎర్రవరం వంటి చోట్ల పంప్‌డ్ స్టోరేజీ ప్రాజెక్టులంటూ మళ్ళీ మన గెడ్డల మీదికే చూస్తున్నారు. నది లోయలో రోజంతా తిరిగి నది ఎవరికి ఏమిచ్చిందో, ఎవరి దగ్గర ఏం తీసుకుందో తెలియకుండా తిరిగిపోతే ఆ యాత్రలో చూసింది ఏమిటి?

డబ్బు సంగతికి వద్దాం. ఉపాధ్యాయులకు ఒక సూచన. ఏడో తరగతి పిల్లలకు ఈ లెక్క ఇవ్వండి. ఒక మనిషి దగ్గర యాత్రకు తీసుకునే రుసుము ఎంత? పదిహేనుమందికి ఎంత? అందులో సైకిళ్ళ అద్దె, జీపు ఖర్చు, గైడు జీతం తీసెయ్యండి. అడ్డాకు భోజనానికి వండిన అమ్మకు ఇచ్చింది రాయండి. థింసా ఆడిన ఆడవాళ్ళకు తలకు ఎంత వచ్చిందో రాయండి. ఊరికి, అంటే గ్రామసభ ఖాతాకు, వచ్చింది రాయండి. ఆ చివరి గడిలో సున్నా వస్తే ఆ సున్నా ఎందుకు వచ్చిందో పిల్లల్నే చెప్పమనండి. అంకెలు పక్క పల్లెలో అడిగితే దొరుకుతాయి. ఇంతకంటే మంచి శాతాల పాఠం ఏ పుస్తకంలోనూ లేదు.

1997 జూలైలో సుప్రీంకోర్టు సమతా కేసులో తీర్పు ఇచ్చింది. ఆ కేసు పుట్టింది బొర్రా పక్కనే, అనంతగిరి మండలం నిమ్మలపాడు ప్రాంతపు గనుల లీజుల మీద. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. గనుల నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు ఆదివాసీల అభివృద్ధికి శాశ్వత నిధిగా పక్కన పెట్టాలని కూడా చెప్పింది. ఆ మాట గనుల గురించి అన్నదే, పర్యాటకం గురించి కాదు. కానీ ఆ మాట వెనక ఉన్న న్యాయం ఏమిటి? మన నేల మీద సంపాదించేవాడు మనకు వాటా ఇవ్వాలి. కొండను తవ్వి అమ్మినా, కొండ అందాన్ని చూపించి అమ్మినా అమ్ముడుపోతున్నది కొండే.

అసలు ముప్పు డబ్బు కాదు, భూమి. క్రమం చూడండి. ముందు సైకిలు వస్తుంది. సైకిలు వాళ్ళకు మధ్యాహ్నం నీడ కావాలి, ఒక పాక వేస్తారు. పాక ఉంటే రాత్రి ఉండాలనిపిస్తుంది, నాలుగు గుడారాలు వేస్తారు. గుడారాలకు స్నానాల గదులు, జనరేటరు, కంచె. కాగితం మీద భూమి మనవాడి పేరే ఉంటుంది. పదేళ్ళ ఒప్పందం అంటారు, లీజు అంటారు, భాగస్వామ్యం అంటారు. మనం 1/70 అని పిలిచే 1970 నాటి భూబదలాయింపు సవరణ చట్టం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని చెప్పింది. ఆ చట్టంలో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి కూడా బదలాయింపే. కాబట్టి ‘అమ్మలేదు, లీజుకిచ్చాను’ అనే తమ్ముడు చట్టం నుంచి తప్పించుకోలేదు. వాడి పేరు అడ్డం పెట్టుకుని వెనక పెట్టుబడి పెట్టినవాడు మాత్రం తప్పించుకుంటాడు. రేపు కేసు అయితే కోర్టు మెట్లెక్కేది పేరున్నవాడే.

యువకులారా, ఇది మీకు చెబుతున్న మాట. మీ పేరు మీద హోమ్‌స్టే పెడదామని ఎవరైనా వస్తే ముందు ఒక్కటే అడగండి. బ్యాంకు ఖాతా ఎవరిది? లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది? రెండూ మీవి కాకపోతే మీరు యజమాని కాదు. మీ కులధ్రువీకరణ పత్రాన్ని అద్దెకిస్తున్నారు.

దీనికి వచ్చే ఎదురుమాటలు మాకు తెలుసు. ఒకటి, రోడ్డు ప్రభుత్వానిది, ఎవరైనా తిరగొచ్చు, రాజ్యాంగం ఇచ్చిన హక్కు అంటారు. నిజమే. తారు రోడ్డు మీద పోయేవాడిని ఎవరూ ఆపమనడం లేదు. తారు రోడ్డు దిగి మన వాకిట్లోకి, కల్లంలోకి, మన ఆడవాళ్ళు స్నానం చేసే గెడ్డ రేవులోకి, దేవుడి తోపులోకి వచ్చినప్పుడు అది రోడ్డు కాదు. దేశమంతా తిరిగే స్వేచ్ఛ ఇచ్చిన 19వ అధికరణమే అయిదో క్లాజులో షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల రక్షణ కోసం ఆ స్వేచ్ఛకు సహేతుకమైన హద్దులు పెట్టవచ్చని కూడా చెప్పింది. హక్కు చదివేవాళ్ళు హద్దు కూడా చదవాలి.

రెండో మాట, మన పిల్లలకు ఉపాధి వస్తోంది కదా అంటారు. ఏ ఉపాధి? సైకిళ్ళు తుడవడం, సామాన్లు మొయ్యడం, బొంగు చికెన్ కాల్చడం. ఆ పనులు తక్కువవని మేము అనం. ఏ పనీ తక్కువది కాదు. కానీ మాట్లాడే పని, దారి నిర్ణయించే పని, ధర కట్టే పని ఒక్కటి కూడా మనవాడి చేతిలో లేకపోతే దాన్ని ఉపాధి అనాలా, వెట్టి అనాలా? డిగ్రీ చదివి, కువి, ఆదివాసీ ఒడియా, తెలుగు మూడూ మాట్లాడగలిగి, ప్రతి గెడ్డ పేరూ తెలిసిన యువకుడు జీపులో సీసాలు అందిస్తుంటే, నిన్న మొన్న వచ్చినవాడు ముందు నిలబడి మన గురించి మాట్లాడుతున్నాడు.

ఈ చేదు ఉపాధ్యాయులకు బాగా తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో స్థానిక గిరిజనులే ఉపాధ్యాయులుగా ఉండాలని 2000లో 3వ నంబరు జీవో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బడిలో మన భాష తెలిసినవాడు ఎందుకు కావాలని అప్పుడు చాలామంది అడిగారు. జవాబు అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే. మన పిల్లవాడికి పాఠం చెప్పాలన్నా, పరాయివాడికి మన పల్లె చూపించాలన్నా ఆ పల్లె మాట తెలిసినవాడు కావాలి.

మూడో మాట మనవాళ్ళ నుంచే వస్తుంది. అసలు ఎవరినీ రానివ్వకూడదు, దారులు మూసెయ్యాలి అంటారు. ఆ కోపం మాకు అర్థమవుతుంది. వంజంగి కొండ మీద మేఘాలు చూడ్డానికి జనం ఎగబడ్డాక అక్కడ మిగిలిన ప్లాస్టిక్ చూసిన ఎవరికైనా ఆ కోపం వస్తుంది. కానీ దారి మూసేస్తే మూత పడేది మన సంతలు కూడా. వచ్చేవాడు రాడని అనుకోవడం భ్రమ. రావడం ఆగదు కాబట్టి ఎలా రావాలో మనం చెప్పాలి. తలుపు మన ఇంటిదైనప్పుడు తీయడమూ వేయడమూ రెండూ మన చేతిలో ఉండాలి.

బడి గురించి కూడా మాట్లాడాలి. సైకిళ్ళు వచ్చే రోజు కొన్ని పల్లెల్లో పిల్లలు బడికి రారు. రోడ్డు పక్కన నిలబడతారు. చాక్లెట్లు విసురుతారని, పెన్నులిస్తారని, ఫోటో తీస్తే పది రూపాయలిస్తారని. చెయ్యి చాపడం పిల్లలకు పుట్టుకతో వచ్చింది కాదు. మన పల్లెల్లో ఇంటికొచ్చినవాడికి ముందు అంబలి ఇస్తారు, తర్వాతే ఏ ఊరని అడుగుతారు. ఇచ్చే చేతుల్ని అడిగే చేతులుగా మార్చడానికి ఒక చాక్లెట్ ప్యాకెట్టు చాలింది. పిల్లల ఫోటోలు తల్లిదండ్రుల్ని అడగకుండా తీసి ఎక్కడెక్కడో పెడుతున్నారు. పట్నంలో ఒక బడి గేటు ముందు నిలబడి లోపలి పిల్లల్ని ఫోటోలు తీసేవాడిని ఏం చేస్తారో మన దగ్గరా అదే చెయ్యాలి. ఉపాధ్యాయులు ఈ విషయంలో మొహమాటపడకూడదు. బడి వేళల్లో యాత్ర బడి ముందు ఆగకూడదని ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రుల కమిటీ కలిసి రాసి గోడకు అంటించవచ్చు. దానికి పై నుంచి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బడికొస్తా పథకం కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్ళిచ్చింది. గేరు లేని ఆ సైకిలును మన ఎత్తుల మీద ఎక్కడం కంటే తొయ్యడమే ఎక్కువ. మన పిల్ల తోసుకుంటూ బడికి పోయే ఎత్తు మీదే ఖరీదైన సైకిలు ఆమెను దాటిపోతుంది. ఆ సైకిలు మీద ఉన్నవాడిని తిట్టాలని మేము చెప్పడం లేదు. ఆ దారి బాగుపడితే ముందు బాగుపడవలసింది మన పిల్ల కోసమేనని పాలకులకు గుర్తు చేయాలని చెబుతున్నాం.

మరేం చెయ్యాలి? చట్టం మన దగ్గరే ఉంది. 1996 డిసెంబరులో వచ్చిన పీసా చట్టం ప్రకారం మన ప్రాంతంలో గ్రామం అంటే పంచాయతీ కాదు. తన ఆచారాల ప్రకారం తన వ్యవహారాలు చూసుకునే ఒక పల్లె, లేదా కొన్ని పల్లెల కూటమి. ఆ గ్రామానికి గ్రామసభ ఉంటుంది. సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడే సామర్థ్యం ఆ గ్రామసభకు ఉందని నాలుగో సెక్షను చెబుతోంది. భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే అధికారం, సంతలను నిర్వహించే అధికారం కూడా అందులోనే ఉన్నాయి. మన రాష్ట్రానికి 2011లో నియమాలు కూడా వచ్చాయి. ఇన్నాళ్ళూ గ్రామసభను పింఛన్ల జాబితా చదవడానికే పిలిచారు. ఈ ఒక్క విషయానికి మనమే పిలుద్దాం.

ఆ సభలో రాయవలసిన తీర్మానం పెద్దదేమీ కాదు. గ్రామసభ ఒప్పుకోకుండా ఏ యాత్రా ఊళ్ళోకి రాకూడదు. వచ్చే ప్రతి గుంపు ముందూ ఆ ఊరి మనిషే నడవాలి, లేదా తొక్కాలి, మాట్లాడేది ఆ మనిషే కావాలి. ఎంతమంది, ఏ రోజుల్లో, ఏ దారిన అన్నది ఊరే నిర్ణయించాలి. పండుగ రోజుల్లో, ఊళ్ళో చావు జరిగిన రోజుల్లో దారి లేదు. దేవుడి తోపు, నీళ్ళ ఊట, ఆడవాళ్ళ రేవు దారిలో ఉండకూడదు. అడగకుండా ఫోటో లేదు. పిల్లలకు డబ్బు, మిఠాయి ఇవ్వకూడదు. డోలీ ఎదురైతే సైకిళ్ళు దిగి, గట్టు పక్కకు తప్పుకుని నిలబడాలి, వెనక జీపు ఉంటే ఆ జీపు రోగిని ఎక్కించుకుని ఆసుపత్రికి పోవాలి. తలకు ఇంత అని ఊరి ఖాతాకు చెల్లించాలి, ఆ లెక్క నెలనెలా ఊరి గోడ మీద అందరూ చదివేలా రాయాలి. భూమి మీద ఒక్క గుంజ కూడా పాతకూడదు.

ఇవి కఠినం అనుకునే వ్యాపారి రాకపోతే నష్టం మనకు లేదు. వీటికి ఒప్పుకుని వచ్చేవాడు మనకు నిజంగా అతిథి. అతిథికి అంబలి పోయడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

అయితే ఊరి మనిషే గైడు కావాలని రాసుకుంటే చాలదు. ఆ మనిషికి చెప్పడానికి మాట ఉండాలి. ఇక్కడే ఉపాధ్యాయుల పని మొదలవుతుంది. బహుభాషా విద్య పేరుతో కువి, కొండ, సవర, కోయ, ఆదివాసీ ఒడియా భాషల్లో వాచకాలు వచ్చాయి. చాలాచోట్ల అవి బీరువాల్లో ఉన్నాయి. వాటిని బయటికి తీయండి. వానాకాలం మొదలుకాగానే పిల్లలతో ఊరి పటం గీయించండి. గెడ్డ ఎక్కడ పుట్టింది, ఏ గెడ్డలో కలిసింది, దానికి మన భాషలో పేరేమిటి, ఆ మెట్టకు ఆ పేరెందుకు వచ్చింది, ఏ కొండ మీద ఏ దేవత ఉంది, ఏ పొలం ఎవరి చేతిలోంచి ఎలా పోయింది. తాతల్ని, అవ్వల్ని అడిగి రాయించండి. ఆ పటం బడి గోడ మీద ఉండాలి. దాన్ని చూడకుండా ఏ సైకిలూ ముందుకు కదలకూడదు. ఏ పేర్లు బయటివాళ్ళకు చెప్పాలి, ఏవి చెప్పకూడదు అన్నది పెద్దలు నిర్ణయిస్తారు. దాచుకునే హక్కు కూడా మనదే. బొర్రా గుహల్ని ఎవరో దొర కనిపెట్టాడని పుస్తకాల్లో రాసుకున్నారు. ఆ గుహల మీద పశువులు మేపుకున్నవాళ్ళు దాన్ని చూడలేదా? చూశారు. రాసుకోలేదు, అంతే. మళ్ళీ ఆ అవకాశం ఎవరికీ ఇవ్వొద్దు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సైకిలు తొక్కడం మీకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ ఎత్తులు, ఆ మలుపులు మీ కాళ్ళకు తెలుసు. పదిమంది కలిసి ఒక సంఘం పెట్టుకోండి. గ్రామసభ తీర్మానం చేతిలో పట్టుకుని ఐటీడీఏకు పోయి సైకిళ్ళకు రుణం అడగండి, శిక్షణ అడగండి. ధర మీరు కట్టండి. దారి మీరు గీయండి. ఆ తీర్మానం రాసేదాకా, మన వాకిట్లో ఏ సైకిలు ఆగినా మర్యాదగా మంచినీళ్ళిచ్చి, తర్వాత అడగవలసిన మాట ఒక్కటే. ఎవరిని అడిగి వచ్చారు బాబూ?